సాబర్మతి గట్టు మీద ఇమ్లీబన్ మనిషి

ముందే మార్కులు చెప్పేస్తా. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగొచ్చు. అహ్మదాబాద్ సాబర్మతి రివర్‌ఫ్రంట్‌కి ఐదుకి నాలుగు. అక్కడి అటల్ వంతెనకి రెండున్నర. మెట్రోకి నాలుగు. మెట్రో దిగి నది గట్టుకి చేరే దారికి ఒకటిన్నర. ఆదివారం గుజరీ బజారుకి ఐదుకి ఐదు, వీలైతే ఇంకో అర. వాస్నా బ్యారేజీ అవతలి నదికి మార్కులు వెయ్యలేదు. ఎందుకో కింద చెప్తా.

మార్కులెయ్యడానికి నువ్వెవరివయ్యా అంటారేమో. ముప్ఫై మూడేళ్లు ఆర్టీసీలో చేశాను. కండక్టరుగా మొదలై, చివరి పదకొండేళ్లు ఇమ్లీబన్‌లో కంట్రోలర్‌గా చేసి దిగిపోయా. బోర్డు మీద ఎంజీబీఎస్ అని రాసుంటుంది గానీ మాకు అది ఇమ్లీబనే. అంటే చింతతోపు. ఇప్పుడక్కడ చింతచెట్ల కంటే చింతపడే ప్రయాణికులే ఎక్కువనుకోండి. ఆ బస్టాండు ఉన్నది మూసీ మధ్య లంకలో. మా ఇల్లేమో మూసారాంబాగ్. డ్యూటీలో మూసీ, ఇంటికొస్తే మూసీ. ఆ నదిని నాకంటే ఎక్కువ చూసినవాళ్లుంటారేమో గానీ నాకంటే ఎక్కువ పీల్చినవాళ్లు తక్కువ.

రెండేళ్లుగా టీవీ పెడితే మూసీ సుందరీకరణ. ఒకడు థేమ్స్ అంటాడు, ఇంకొకడు సియోల్ అంటాడు, ఆ వెంటనే తెర మీద సాబర్మతి బొమ్మ వస్తుంది. లక్షన్నర కోట్లని ఒకసారి, కాదు అంత కాదని ఇంకోసారి. అల్లుడికి అహ్మదాబాద్ ట్రాన్స్‌ఫరై కూతురు అక్కడికి పోయింది కాబట్టి, పోయిన డిసెంబర్లో పన్నెండు రోజులు నేనూ మా ఆవిడా వెళ్లాం. అందరూ మనవడితో ఆడుకోడానికి వెళ్లామనుకున్నారు. నేను ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లా.

మొదటి సాయంత్రం గట్టు మీద నిలబడగానే మా ఆవిడ అడిగిన మాట:

"ఏందయ్యా, డిసెంబర్ల గిన్ని నీళ్లు ఏడికెల్లి వచ్చినయ్? అదీ వాసన లేకుండ!"

నిండుగా ఉంది నది. అటు గోడ, ఇటు గోడ, మధ్యలో కదలని నీళ్లు. గీత గీసినట్టు ఒకే వెడల్పు. అల్లుడు ఇంజనీరు, అంకెలు నోటికి వచ్చు. "263 మీటర్లు మామయ్యా, ఎక్కడ కొలిచినా అంతే చేశారు" అన్నాడు. నది అంటే ఒకచోట ఒళ్లు విరుచుకుంటుంది, ఇంకోచోట ముడుచుకుంటుంది. దీన్ని మాత్రం టైలర్ దగ్గర కొలతలిచ్చి కుట్టించారు. అలా కుట్టించగా మిగిలిన గుడ్డే అసలు లాభం. రెండు గట్ల మీదా కలిపి దాదాపు 200 హెక్టార్ల నేల బయటికొచ్చింది. పార్కులు, రోడ్లు, కొంత అమ్మకానికి. అమ్మినదాంతో ఖర్చు రాబట్టుకోవాలన్నది లెక్క. కార్పొరేషన్ వాళ్లు 1997లో దీనికోసం ఒక కంపెనీ పెట్టారు, 2005లో పని మొదలైంది, 2012లో కింది దారి జనానికి తెరిచారు. పదిహేనేళ్ల పని అది. మన దగ్గర రెండేళ్లలో అయిపోతుందని చెప్పేవాళ్లు ఈ సంవత్సరాల్ని ఓసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. సాబర్మతి వానాకాలపు నది. మిగతా రోజుల్లో ఇసకే. ఒకప్పుడు ఆ ఇసకలో సర్కస్ డేరాలు వేసేవాళ్లట, కూరగాయలు పండించేవాళ్లట, చాకలివాళ్లు బట్టలు ఆరేసేవాళ్లట. ఇప్పుడు కనిపించే నీళ్లు నర్మద కాలవ నుంచి వదిలినవి. కింద వాస్నా బ్యారేజీ గేట్లు మూసి నిలబెడతారు. అంటే ఇది ప్రవహించే నది కాదు, రెండు వైపులా పదకొండు కిలోమీటర్ల గట్టున్న పొడుగాటి చెరువు. మా ఆవిడకి ఇది చెప్తే, "అయితే ఏంది? ట్యాంక్‌బండ్ మాత్రం నది అని చూస్తున్నమా? బాగుందా లేదా జెప్పు" అంది. బాగుంది. ఒప్పుకోవాలి. ముసలివాళ్లు నడుస్తున్నారు, పిల్లలు స్కేటింగ్ చేస్తున్నారు, ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా ఇద్దరిద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మూసీ గట్టు మీద చీకటి పడ్డాక ఎవరుంటారో నేను రాయక్కర్లేదు. ఆ నాలుగు మార్కులూ దానికే. ఐదోది ఎందుకు కోశానంటే నీడ. కింది దారంతా కాంక్రీటు. డిసెంబరు మధ్యాహ్నమే కళ్లు బైర్లు కమ్మాయి, మే నెలలో అక్కడ అప్పడాలు కాల్చుకోవచ్చు. చెట్లు పై వరసలో ఉన్నాయి, మనిషి కింద నడుస్తాడు.

ఇప్పుడు నా సబ్జెక్టు. చేరడం.

కూతురి ఇల్లు గురుకుల్ రోడ్డు స్టేషన్ దగ్గర. అక్కడ మెట్రో ఎక్కి ఓల్డ్ హైకోర్టులో లైను మారి గాంధీగ్రామ్‌లో దిగాం. మనిషికి పదిహేను రూపాయల లోపే. మూడు పెట్టెల రైలు, శుభ్రంగా ఉంది, నేను వాచీ చూసుకున్న రోజు పన్నెండు నిమిషాలకో బండి. మన అమీర్‌పేటలో లైను మారేటప్పటి తోపులాట లేదు. తోపులాట లేదంటే సుఖమే గానీ, ఆర్టీసీవాడి కంటికి ఖాళీ సీటు కనిపిస్తే గుండె కలుక్కుమంటుంది. ఓ.ఆర్. ఎంతుంటుందో అని మనసులో లెక్క మొదలవుతుంది. ఆక్యుపెన్సీ రేషియో అన్నమాట, సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పే అంకె. మా సర్వీసంతా ఆ అంకె కోసమే తిట్లు తిన్నాం.

దిగాక చూడండి. స్టేషన్ నుంచి అటల్ వంతెన గేటు దాకా నా మోకాళ్లతో ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. మా ఆవిడ రెండుసార్లు ఆగింది. తూర్పు పడమర లైనులో రైలు సాబర్మతి మీదుగానే వెళ్తుంది. కిటికీలోంచి నది, గట్టు, దూరంగా వంతెన, అన్నీ ఒక అర నిమిషం కనిపిస్తాయి. "తాతా, అదిగో!" అని మనవడు అరిచేలోపు రైలు షాపూర్ వైపు నేల కిందికి దూరిపోతుంది. సినిమా ట్రైలర్ చూపించి థియేటర్ అడ్రసు చెప్పనట్టు. నది దాటే రైలు, నదికి జనాన్ని తెచ్చే రైలు ఒకటి కాదు. ఈ తేడా ప్లాను గీసేటప్పుడు టేబుల్ మీద కనిపించదు, నడిచేవాడి మోకాలికి తెలుస్తుంది.

వంతెన దగ్గర క్యూలో ఊరుకోలేక నా ముందున్న ఎనిమిది కుటుంబాల్ని అడిగా, ఎలా వచ్చారని. నా దక్కనీ హిందీకి వాళ్లు నవ్వారు గానీ చెప్పారు. అయిదు కార్లు, రెండు బైకులు, ఒక ఆటో. మెట్రో దిగి నడిచొచ్చింది మేమే. గట్టు వెంట వేసిన రోడ్డు విమానాశ్రయం రన్‌వేలా ఉంది, నేను నడిచినంతసేపూ దాని మీద కార్లే. కోట్లు పోసి జనం కోసం కట్టినచోటికి బండి ఉన్నవాడే సులువుగా రాగలిగితే, ఆ జనం ఎవరు అన్నది తేల్చుకోవాలి. ఒకటిన్నర మార్కు అందుకే. ఆ ఒకటిన్నర కూడా ఫుట్‌పాత్ సగం దూరం బాగుందని ఇచ్చా.

తిరుగు ప్రయాణం ఇంకో కథ. రాత్రి ఎనిమిదిన్నరకి యాప్‌లో క్యాబ్ పిలిచాడు అల్లుడు. ఏ యాప్ అన్నది ఎందుకు లెండి. "రెండు నిమిషాలు" అని చూపిస్తూ పావుగంట తిప్పి క్యాన్సిల్ చేశాడు డ్రైవరు. చివరికి ఆశ్రమ్ రోడ్డు దాకా నడిచొచ్చి శటిల్ రిక్షా ఎక్కాం. మన షేర్ ఆటో లాంటిదే. ముగ్గురు కూర్చునే చోట అయిదుగురం, మనవడు నా ఒళ్లో. ఆ ఊళ్లో నాకు సొంత ఊరు గుర్తొచ్చిన మొదటి క్షణం అది.

అటల్ వంతెన గురించి పిల్లలున్నవాళ్లు తిట్టుకోకండి. 2022 ఆగస్టు 27న ప్రారంభించారు. 300 మీటర్లు, దాదాపు 74 కోట్లు. గాలిపటం ఆకారంలో ఇనప గొట్టాలు, పైన రంగురంగుల గుడ్డ. రాత్రి దీపాలు వెలిగితే మనవడు నోరు తెరిచి పైకే చూస్తూ నడిచాడు, రెండుసార్లు ఎవరికో గుద్దుకున్నాడు. పెద్దలకి 30 రూపాయలు, మాలాంటి అరవై దాటినవాళ్లకి 15, అర గంట ఉండొచ్చు. 2022 అక్టోబరులో మోర్బీలో వేలాడే వంతెన తెగి 130 మందికి పైగా పోయాక, దీని మీదికి గంటకి 3,000 మందినే పంపాలని నియమం పెట్టారు. అది మంచి పని. ఓవర్‌లోడ్ బస్సు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

టికెట్ చేతిలో పెట్టుకుని మా ఆవిడ, "నది దాటనీకి పైసలా? బాసరల పడవెక్కినట్టు!" అంది. నాకేమో కిలోమీటర్ లెక్క తిరుగుతోంది. 300 మీటర్లకి 30 రూపాయలంటే కిలోమీటరుకి వంద. మా గరుడ బస్సులో ఏసీ వేసి, నీళ్ల సీసా ఇచ్చి, విజయవాడ దాకా తీసుకెళ్లినా ఆ రేటు అడగలేదు. పక్కనే 1892లో కట్టిన ఎల్లిస్ బ్రిడ్జి ఇనప కమానులున్నాయి, దానికి ఆనుకుని కట్టిన వంతెనల మీద ఎవరూ టికెట్ అడగరు. కాబట్టి అటల్ వంతెన దాటడానికి కాదు, చూడటానికి. అవతలి గట్టున పనికెళ్లేవాడికి దాంతో పని లేదు. అలా అనుకుని చూస్తే రెండున్నర న్యాయమే. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్‌కి కూడా నేను ఇంతే ఇస్తా.

అయితే ఇక్కడ నాకు నేనే అడ్డం తిరగాలి. ఇంటికొచ్చి అల్లుడితో వాదన పెట్టుకున్నా. "ఆ 74 కోట్లు మెట్రోకి పెట్టొచ్చు కదా" అన్నా. అతను కాగితం తీశాడు. అహ్మదాబాద్ మెట్రో మొదటి దశ 40 కిలోమీటర్లు, దాదాపు 12,900 కోట్లు. కిలోమీటరుకి 320 కోట్ల పైచిలుకు. "మీ వంతెన డబ్బుతో మెట్రో 230 మీటర్లు వస్తుంది మామయ్యా. ప్లాట్‌ఫారం దాటి బయటికి కూడా రాదు." నాకు మాట పడిపోయింది. సరే, బస్సుల్లో చూద్దామన్నా. మామూలు డీజిల్ సిటీ బస్సు నలభై లక్షలనుకుంటే 185 బస్సులు. అది వినగానే నా ఛాతీ ఉబ్బింది. 185 బస్సులంటే రెండు డిపోలు నింపొచ్చు!

ఛాతీ ఎంతసేపు ఉబ్బుతుంది? బస్సు కొంటే సరిపోదని నాకంటే ఎవరికి తెలుసు. డీజిల్, టైర్లు, ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు కండక్టర్లు, వీక్లీ ఆఫ్‌కి రిలీఫు. కిలోమీటరుకి వచ్చే రాబడిని మేం ఇ.పి.కె. అంటాం, అది కిలోమీటరు ఖర్చుని దాటిన రోజు డిపోలో మిఠాయి పంచుకోవాలి. వంతెన ఒకసారి కడితే నిలబడి ఉంటుంది, రిబ్బన్ కత్తిరించిన ఫోటో కూడా ఉంటుంది. బస్సు రోజూ తింటుంది, అయిదో ఏడు నుంచి మూలుగుతుంది, దాని ముందు నిలబడి ఎవరూ సెల్ఫీ తీసుకోరు. ఏ పార్టీ ప్రభుత్వమైనా వంతెన వైపే ఎందుకు మొగ్గుతుందో ఇందులోనే ఉంది. వాళ్లు చెడ్డవాళ్లు కాబట్టి కాదు. నడిపే ఖర్చుకి శిలాఫలకం ఉండదు, అంతే.

చూడటానికని పెట్టినవన్నీ నిలబడతాయని కూడా లేదు. అదే గట్టు నుంచి 2020 అక్టోబరు 31న ఐక్యతా విగ్రహం దాకా సీప్లేన్ మొదలుపెట్టారు. దేశమంతా టీవీల్లో చూశాం. మరుసటి ఏడు ఏప్రిల్‌కి ఆగిపోయింది. ఇదే ఊళ్లో 1947 నుంచి ఎర్ర సిటీ బస్సులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

పైన మార్కుల్లో రాయడం మర్చిపోయా, 2009లో పెట్టిన బీఆర్‌టీఎస్‌కి నాలుగున్నర. రోడ్డు మధ్యలో బస్సుకి విడిగా దారి, స్టేషన్‌లోనే టికెట్, బస్సు నేల ఎత్తులోనే ప్లాట్‌ఫారం. మా ఆవిడ గౌను వేసుకున్న రాణిలా అడుగు తీసి అడుగేసింది, ఎక్కడం దిగడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు మెట్టు ఎక్కడానికి మూడు ప్రార్థనలు చేసుకునే మనిషి. ఆ లైన్లలోకి బైకులు దూరడం నేనూ చూశా, అర మార్కు అందుకే పోయింది. బస్సుకి దారి ఇచ్చిన ఊరిని చూడటం నాకు నది చూడటం కంటే ఎక్కువ. ఎవరూ అర్థం చేసుకోరు గానీ నేను ఏ స్టేషన్‌లోనూ దిగకుండా నాలుగు ట్రిప్పులు అటూ ఇటూ తిరిగా.

ఆదివారం గుజరీ బజారు. ఎల్లిస్ బ్రిడ్జి కింద, తూర్పు గట్టున. అహ్మద్ షా కాలంలో, 1414లో మొదలైందని చెప్పుకుంటారు. రివర్‌ఫ్రంట్ కట్టేటప్పుడు దీన్ని లేపేస్తారని భయపడి వ్యాపారులు కోర్టు దాకా వెళ్లారు. చివరికి 2014లో అక్కడే అరుగులు కట్టి చోటిచ్చారు. పాత సైకిల్ చెయిన్లు, గొడ్డళ్లు, మంచాలు, ఇత్తడి బిందెలు, ఎవరిదో పెళ్లి ఆల్బమ్, ఒక చెప్పు. అవును, ఒక చెప్పు. పురానాపూల్ దగ్గర మన జుమ్మెరాత్ బజార్ చూసినవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. అదీ మూసీ గట్టే కదా. నది ఒడ్డున పాత సామాన్ల సంత ఉండటం ఏ ఊళ్లోనైనా ఉన్న ఆచారమేమో.

అక్కడ ఒక ముసలాయన ఇనప సామాన్లు అమ్ముతున్నాడు. ఆయన గుట్టలో నాకు ఒక వస్తువు దొరికింది. కండక్టర్ పంచ్. పాతకాలం టికెట్‌కి చిల్లు పెట్టే పట్టకారు. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు ఇరవై ఏళ్లు నా కుడి చేతి బొటనవేలికి కాయ కాయించిన వస్తువు. స్ప్రింగు బిగుసుకుపోయింది, పిడి దగ్గర తుప్పు. నొక్కి చూస్తే కిర్రుమంది గానీ పడలేదు. ఆయన రెండొందలన్నాడు, నేను ఎనభై అన్నా, నూట ఇరవై దగ్గర తెగింది. బేరంలో మాట కలిసింది. నేను బస్సువాణ్ననగానే ఆయన నవ్వి, "అయితే మీవాళ్లకే నా సంపాదనలో సగం పోతుంది" అన్నాడు. ఇదివరకు ఇల్లు ఇదే గట్టు మీదేనట. నడిచొచ్చి కొట్టు పెట్టుకునేవాడు. ఇప్పుడు వట్వా వైపు ఇచ్చిన ఇంటి నుంచి తెల్లవారుజామున మూటలతో రావాలి. ఇల్లు ఎలా ఉందని అడిగా. "పక్కా ఇల్లు. గోడలు బాగున్నాయి. కానీ గోడలు కొనుక్కోవడానికి ఎవరూ రారు కదా" అన్నాడు.

అలా కదిలినవాళ్లు పది వేల కుటుంబాల పైనే. హైకోర్టు కలగజేసుకున్నాకే చాలామందికి ఇళ్లు వచ్చాయి. మూసీ దగ్గర 2024 సెప్టెంబరులో మా చాదర్‌ఘాట్, మూసానగర్ వైపు ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నది గర్భంలో ఉంది ఖాళీ చేయాలని, రాసిన రోజు నాకు బాగా గుర్తు. మా ఇంట్లో పని చేసే ఆమె ఇంటికీ పడింది ఆ గుర్తు. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఇచ్చారు, అబద్ధమెందుకు, రేకుల గది కంటే నూరు రెట్లు నయం. కానీ ఇప్పుడు మా ఇంటికి రావడానికి రెండు బస్సులు. మహాలక్ష్మి జీరో టికెట్, అదే ఆడవాళ్లకి ఉచిత బస్సు, ఉండబట్టి వస్తోంది. "టికెట్టుంటే మీ ఇల్లు మానేద్దును సార్" అని మొహం మీదే చెప్పింది. నది గట్టు ఖాళీ చేయించే లెక్కలో ఆమె బస్సు ఖర్చు ఏ కాలమ్‌లో రాస్తారో నాకు చూడాలనుంది. ఆ కాలమే లేకపోతే లెక్క తప్పని నా మట్టి బుర్రకి అనిపిస్తుంది.

ఇక మార్కులు వెయ్యని చోటు. తిరిగొచ్చే ముందు రోజు ఒక్కణ్నే మెట్రో ఎక్కి దక్షిణాన చివరి స్టేషన్ ఏపీఎంసీలో దిగా. అక్కడి నుంచి ఆటో, విశాలా దగ్గరి వంతెన మీదికి. ఆటోవాడు అనుమానంగా చూశాడు.

"ఉధర్ దేఖ్‌నే కా క్యా హై కాకా?"

"నదీ."

"నదీ తో రివర్‌ఫ్రంట్ పే హై నా. యే తో గటర్ హై."

నది రివర్‌ఫ్రంట్ దగ్గర కదా, ఇది మురుక్కాలవ అంటాడు. వంతెన రెయిలింగ్ దగ్గర నిలబడ్డా. పైన పదకొండు కిలోమీటర్లు అద్దంలా ఉన్న నది, వాస్నా గేట్లు దాటాక ఇది. నల్లగా, నురగతో, మెల్లగా కదులుతోంది. ఒడ్డున ఆకుపచ్చ గడ్డి. గాలి తిరిగింది, వాసన తగిలింది. కళ్లు మూసుకుంటే మూసారాంబాగ్ వంతెన. కుళ్లిన కోడిగుడ్డు, సబ్బు, పైన ఏదో రంగుల కారం. ఒక్క తేడా లేదు. రిటైరైన మనిషికి ఇంటి మీద బెంగ ఇలా పుడుతుందని నేను అనుకోలేదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2022 నదుల జాబితాలో, రాయసణ్ నుంచి వౌఠా దాకా సాబర్మతి బీఓడీ, అంటే నీళ్లలో కుళ్లు ఎంతుందో చెప్పే అంకె, లీటరుకి 292 మిల్లీగ్రాములని వచ్చింది. స్నానానికి పనికొచ్చే నీళ్లలో అది 3 దాటకూడదు. ఆ జాబితాలో చెన్నై కూవం తర్వాత ఇదే. ఊరి మురుగు, నరోడా నుంచి వట్వా దాకా ఉన్న ఫ్యాక్టరీల నీళ్లు. గుజరాత్ హైకోర్టు 2021లో తనంత తానుగా కేసు పెట్టుకుని విచారిస్తోంది. టీవీలో మనకి చూపించే సాబర్మతి గేటుకి ఇటు, చూపించనిది గేటుకి అటు. గట్టు సొగసు చెయ్యడం, నదిని కడగడం రెండూ ఒకటేనని మనకి అమ్ముతున్నారు. ఒకటి మేకప్పు, ఇంకోటి స్నానం. మేకప్పు ముందు అయిపోతే స్నానం వాయిదా పడుతుంది, ఏ ఇంట్లోనైనా.

వాసన పీల్చుకుంటూ నేను మూసీ గురించే ఆలోచించా. మనకి నర్మద కాలవ లేదు, ఊళ్లో మూసీలో పారేది ముప్పాతిక మురుగే. గేటు కట్టి నిలబెడితే ఏం నిలబడుతుందో ఊహించుకోండి. కాబట్టి మొదటి రూపాయి కనపడని చోట, నాలాల నోటి దగ్గర, శుద్ధి ప్లాంట్లలో పడాలి. రెండో రూపాయి, కోప్పడకండి, బస్సుకి. ఎంజీబీఎస్‌లో మెట్రో స్టేషనుంది, బస్టాండుంది, రెండూ నది మీదే. దేశంలో ఇంత మంది జనం రోజూ దిగే నది గట్టు ఇంకోటుందా? అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా కట్టాల్సిన అయిదున్నర కిలోమీటర్ల మెట్రో మొదటి దశలో కట్టకుండానే వదిలేశారు. అది కట్టి, గట్టు వెంట ఒక చిన్న బస్సు తిప్పితే, చార్మినార్ పిల్లలు కారు లేకుండా నది చూడ్డానికి రావచ్చు. వంతెనలు, దీపాలు మూడో రూపాయితో. అప్పటికి మిగిలితే.

వరద మాట కూడా చెప్పాలి. సాబర్మతిలో ఎగువన ధరోయి డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే కింది దారి మునుగుతుంది, గేట్లు మూసేస్తారు, బురద కడిగి మళ్లీ తెరుస్తారు. అక్కడ మునిగేది నడకదారి. మన దగ్గర 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మునిగింది ఇమ్లీబన్. రాత్రి పూట ప్రయాణికుల్ని తాళ్లు పట్టించి బయటికి తెచ్చారు. నాతో చేసినవాడు ఫోన్‌లో, "అన్నా, మన ప్లాట్‌ఫారం మీద నడుము లోతు" అంటుంటే నాకు నిద్ర పట్టలేదు. 1908 సెప్టెంబరు 28న ఇదే నది పదిహేను వేల మందిని మింగింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే ఆ జంట జలాశయాలు కట్టారు. నదిని 263 మీటర్లకో మరో కొలతకో కుట్టించే ముందు ఆ సెప్టెంబర్లని టైలర్‌కి చెప్పాలి.

వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. సాయంత్రం నాలుగున్నర తర్వాతే వెళ్లండి. నీళ్ల సీసా, టోపీ. మోకాళ్ల నొప్పులుంటే గాంధీగ్రామ్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి, మొండితనానికి పోయి నడవొద్దు. పిల్లలుంటే అటల్ వంతెన దీపాలు వెలిగాక ఎక్కండి, పగలు దండగ. ఆదివారం పడేలా చూసుకుని గుజరీకి ఎనిమిదిలోపు చేరండి, చిల్లర పట్టుకెళ్లండి. కారున్నవాళ్లకి చెప్పేదేం లేదు, ఆ ఊరు మీకోసం ముందే సర్దిపెట్టింది.

ఆ పంచ్‌ని ఇంటికి తెచ్చి రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టా. స్ప్రింగు వదిలింది. మా ఆవిడ పర్సులో నలిగిన అటల్ వంతెన టికెట్ ఒకటి కనిపిస్తే తీసి పెట్టి నొక్కా. టక్కుమని చిల్లు పడింది, త్రికోణం ఆకారంలో. సరిగ్గా ఆ పదిహేను రూపాయల అంకె మీద.